వాన పడితేనే వదిలే బ్రేకు

జూన్ నెల, మూడో సోమవారం. ఉదయం ఏడుంబావు. ఎండ, మబ్బు లేదు. స్థలం: బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన గుట్ట మీదున్న ధర్మాసుపత్రి, దాని గేటుకు కిందున్న ఏటవాలు బాట.

హాజరైనవాళ్లు: కారు ముందు సీట్లో ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ. వెనక సీట్లో మోకాళ్ల నొప్పులతో వైద్యానికి వచ్చిన ముసలామె. స్టీరింగు ముందు నా శిష్యురాలు, అదే ఆసుపత్రిలో ఆయా. గేటు దగ్గర కాపలాదారు. గేటు పక్క రాతిగోడకు ఆనుకుని నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. బస్సు నడిపిన పద్నాలుగేళ్లూ, ఆ తర్వాత చిత్తూరులో డ్రైవింగు స్కూల్లో నేర్పిన ఇరవై మూడేళ్లూ రోజుకొక పేజీ తప్పకుండా రాశాను. ఎవరు వచ్చారు, ఏ బండి, ఎక్కడ తడబడ్డారు, ఎందుకు తడబడ్డారు. ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. ఇప్పుడు మా వీధిలో కారు నేర్చుకుంటున్న పిల్లలు వచ్చి, "తాతా, ఎక్కుడులో బండి ఆగితే వెనక్కి జారకుండా ఎట్ల తియ్యాల?" అని అడుగుతుంటారు. చెప్పడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల మాట తెలుసుకోవడానికి నాకు మాత్రం పది రోజులు పట్టింది. అదీ ఉద్యోగం మానేయడానికి ఒక నెల ముందు. అందుకే రాసి పెడుతున్నాను.

మీలో చాలామంది పాత రకం హ్యాండు బ్రేకును చూసే ఉంటారు. డ్రైవరుకు ఎడమ పక్క సీట్ల మధ్య నిలబడే కమ్మీ అది. ఎక్కుడులో, అంటే బాట ఎత్తుకు ఎక్కే చోట, ఆగితే దాన్ని లాగి పెట్టుకోవాలి. బయలుదేరేటప్పుడు క్లచ్చిని కొంచెం కొంచెంగా వదులుతూ యాక్సిలరేటరు తొక్కాలి. బండి ముందుకు పోవడానికి తహతహలాడుతున్నట్టు ముక్కు పైకెత్తుతుంది. అప్పుడు కమ్మీని మెల్లగా దించాలి. చివరగా, నేను నేర్పిన పద్ధతిలో, చక్రం చూసుకోవాలి. కుడిచేత్తో తలుపు రెండు వేళ్ల సందు తెరిచి, తల వంచి, వెనక చక్రం కదులుతోందా, కదిలితే ఎటు కదులుతోంది అని చూడాలి. నాకు బస్సు నేర్పిన పెద్దాయన మొగిలి ఘాటులో ఈ పని నా చేత వందసార్లు చేయించాడు. "అద్దం వణుకుతాది. చక్రం అబద్ధం చెప్పదు" అనేవాడాయన. నేను అదే నా వాళ్లకు నేర్పాను. ఎక్కుడులో ఆగిన కారును చూసి అది మా స్కూలు వాళ్లదో కాదో చెప్పొచ్చని ఊళ్లో అనేవాళ్లు. ఆ మాటకు నేను లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

ఇక నా శిష్యురాలి సంగతి. నలభై ఏళ్లకు ఒకటి రెండు తక్కువ వయసు. పదకొండేళ్లుగా ఆసుపత్రిలో రోజుకూలీ ఆయా. ముందు ఏడాది మా దగ్గరే నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. నేర్చుకునేటప్పుడు ఒక్కసారి కూడా నన్ను విసిగించలేదు. చెప్పింది చెప్పినట్టు చేసేది. ఆ వేసవిలో ఆసుపత్రి పాత డ్రైవరు పని మానుకున్నాడు. అదే సమయానికి ఎవరో దాత కొత్త కారు ఇచ్చారు. డ్రైవరు పోస్టు పర్మనెంటు పోస్టు. తనకు ఇవ్వమని ఆమె డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ కాదనలేదు, అవుననలేదు. పది రోజుల తర్వాత సోమవారం పొద్దున తానూ ఒక రోగీ కూర్చుంటామనీ, గేటు కింద ఎక్కుడులో బండి ఆపి, జారకుండా, కుదుపు లేకుండా పైకి తెస్తే పోస్టు ఆమెదేననీ చెప్పింది. తేలేకపోతే తిరుపతి నుంచి ఒకతన్ని మాట్లాడి పెట్టాం, అతను మంగళవారం తొమ్మిదికి వచ్చి చేరతాడు అంది.

నా శిష్యురాలు మర్నాడు, శనివారం, నా దగ్గరకు వచ్చింది.

"సార్, రోగుల్ని ఎత్తీ దించీ నా నడుము పోయింది. ఇంకొక ఏడాది ఆ పని నా వల్ల కాదు. ఈ సీటు దొరికితే ఆస్పత్రిలో ఉంటా, లేకుంటే ఇంటికాడ కూసోవాల్సిందే."

"నీకు ఎక్కుడు బాగా వచ్చు కదమ్మా. భయమెందుకు?"

"ఆ బండిలో బ్రేకు లేదు సార్."

నవ్వాను. మర్నాడు పొద్దున వెళ్లి సీట్లో కూర్చున్నాక నవ్వడం మానేశాను. నా ఎడమచెయ్యి నాకు చెప్పకుండానే కిందికి పోయి, నీళ్ల సీసా పెట్టుకునే గుంటలో పడింది.

"ఆడ ఏమీ లేదు సార్. నేనూ అట్లనే ఎతికినాను" అంది ఆమె, పక్క సీట్లోంచి.

కమ్మీ ఉండాల్సిన చోట బొటనవేలంత బటను ఉంది. పైకి ఎత్తితే వెనక చక్రాల దగ్గర సన్నగా మిషను తిరిగిన చప్పుడై, బ్రేకు పడుతుంది; ఎర్ర దీపం వెలుగుతుంది. కాలి బ్రేకు తొక్కి బటను కిందికి నొక్కితే వదులుతుంది. కొంచెం వదలడం, ఇంకొంచెం వదలడం అనేది లేదు. పడితే పూర్తిగా, వదిలితే పూర్తిగా. కాలి బ్రేకు మీదున్న పాదం యాక్సిలరేటరు మీదికి మారే లోపల బండి జానెడు వెనక్కి జారింది. జానెడే కదా అని మీరు అనుకోవచ్చు. వెనక సీట్లో మోకాళ్లు పట్టుకుని కూర్చున్న మనిషికి జానెడు చాలా దూరం.

కారుతో వచ్చిన పుస్తకాన్ని డాక్టరమ్మను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నా ఇంగ్లీషు నెమ్మది ఇంగ్లీషు. నిఘంటువు పక్కన పెట్టుకుని బ్రేకు గురించిన పేజీలు రెండు రోజులు చదివాను. అందులో ఒక సంగతి నన్ను పట్టేసింది. బటను నొక్కనక్కర్లేదట. మొదటి గేరు వేసి, క్లచ్చి పట్టు దొరికి, యాక్సిలరేటరు తొక్కితే బండి ఇక ముందుకే పోగలదని అదే గ్రహించి బ్రేకును అదే వదిలేస్తుందట. నా నలభై ఏళ్ల పనిని ఒక చిన్న మిషను చేస్తుందన్నమాట. నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. అదెలా గ్రహిస్తుందో చూడాలనిపించింది. బెల్టు పెట్టుకోవాలి, తలుపులు వేసి ఉండాలి అని పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉన్నట్టే అక్కడా ఏదో ఉంది. అది జాగ్రత్తల కింద రాసే మామూలు మాట అనుకుని దాటేశాను.

ఆసుపత్రి ముందు చదును నేల మీద చూశాం. క్లచ్చి వదులుతూ యాక్సిలరేటరు తొక్కగానే వెనక ఎక్కడో టక్కుమని, ఎర్ర దీపం ఆరిపోయి, బండి కదిలింది. ఆమె నా వైపు చూసి, "దెయ్యం మాదిరి ఉండాదే సార్" అంది.

ఎక్కుడులో చూశాం. వదల్లేదు. ఇంజను గొంతు బరువెక్కి, వణికి, ఆగిపోయింది. బండి టింగ్ టింగ్ అని మోగింది. ఆమె నాలుగుసార్లు, నేను ఐదుసార్లు ప్రయత్నించాం. తొమ్మిదిసార్లూ అంతే. డైరీలో ఒక్కొక్కటి వరస తప్పకుండా రాశాను: గేరు ఒకటి, ఇంజను వేగం ఇంత, వదల్లేదు, ఆగింది, మోగింది. ఈ కాలపు బండి ప్రతిదానికీ మోగుతుంది. బెల్టుకు మోగుతుంది, దీపాలకు మోగుతుంది, పెట్రోలుకు మోగుతుంది. ఇంజను ఆగిపోతే మోగదా అనుకున్నాను.

డాక్టరమ్మ రోజూ పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మాకు కారు ఇచ్చేది. ఎనిమిది కొట్టగానే వరండాలో నిలబడి చెయ్యి చాచేది. తాళంచెవి ఆ చేతిలో పెట్టాలి.

బుధవారం డాక్టరమ్మ అనుమతితోనే కారును పూతలపట్టు కూడలిలో నాకు తెలిసిన మెకానిక్కు దగ్గరకు తీసుకుపోయాను. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, నోరు పెద్దది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కుడు సగంలో ఆపాడు. బ్రేకు పెట్టాడు. ఒక చేత్తో ఫోను మాట్లాడుతూనే క్లచ్చి వదిలాడు. టక్కుమంది. బండి నీళ్లలో పడవలా సాగిపోయింది.

"ఏమైంది సారూ దీనికి? బంగారం మాదిరి ఉండాది గదా."

"నేను తీస్తే వదలడం లేదబ్బా."

"నువ్వు తియ్యి, సూస్తాను."

నేను తీశాను. వదల్లేదు. ఆగింది, మోగింది. మెకానిక్కు ఫోను జేబులో పెట్టుకుని నా పాదాల వైపు చూశాడు, తర్వాత నా ముఖం వైపు చూశాడు.

"పెద్దాయన కూసున్నాడని బండికి మర్యాద జాస్తి అయినట్టుంది. కదలనంటాది."

అతనికి అప్పుడే ఇంకో ఫోను వచ్చింది, దిగిపోయాడు. అతను ఇంకొక్క నిమిషం నా పక్కన కూర్చుని నా చేతుల వైపు కూడా చూసి ఉంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో అయిపోయేది.

సాయంత్రం స్కూల్లో మా యజమానికి చెప్పాను. ఆయన ఒకప్పుడు నా దగ్గర నేర్చుకున్నవాడే. నన్ను అన్నా అంటాడు.

"క్లచ్చి పట్టు దొరకకముందే తొక్కుతాండావేమోన్నా. వయసు మీద పడితే కాలికి తెలీదు."

"ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆమె తీసినా అంతే."

"ఆమెకి నేర్పింది ఎవరు?"

ఆ మాట ఎగతాళికే అన్నాడు. డైరీలో అలాగే రాసుకున్నాను. ఆ వాక్యాన్ని తర్వాత చాలాసార్లు చదివాను.

శుక్రవారం వాన పడింది. మామిడికాయల ట్రాక్టర్లు హైవే పక్కన గుజ్జు ఫ్యాక్టరీ ముందు బారులు తీరి, పైన పట్టాలు కప్పుకుని నిలబడి ఉన్నాయి. గుట్ట బాట మీద నీళ్లు కాలవ కట్టాయి. జారుతుందేమో వద్దన్నాను. "వాన నాడు రోగం రాదా సార్?" అని ఆమె బండి తీసింది. గేటు కింద ఆపింది. బ్రేకు పెట్టింది. క్లచ్చి వదిలింది. టక్కుమంది. బండి మెత్తగా పైకి పోయింది.

కిందికి దించి మళ్లీ తీసింది. మళ్లీ వచ్చింది. నేను కూర్చుని తీశాను. నాకూ వచ్చింది. ఆ పొద్దున పదకొండుసార్లు తీస్తే పదకొండుసార్లూ వచ్చింది. ఆమె అరచేతులు ముఖానికి కప్పుకుని నవ్వింది. నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువైంది. డైరీలో రాశాను: వాన. వదిలింది. ఆగలేదు, మోగలేదు.

శనివారం ఎండ కాసింది. బ్రేకు వదల్లేదు.

నా బుర్ర ఎలా పనిచేసిందో దాచకుండా చెబుతాను. ఎండలో వదలదు, వానలో వదులుతుంది. అంటే వేడికి బ్రేకు దిమ్మలు ఉబ్బి చక్రాన్ని పట్టేస్తున్నాయి, చల్లబడితే వదులుతున్నాయి. మరి మెకానిక్కు ఎండలోనే తీశాడు కదా అని అడగండి. అంతకుముందు బండి అతని చెట్టు నీడలో అరగంట నిలబడిందని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. మనసులో ఒక కారణం కుదురుకున్నాక మిగిలినవాటిని దానికి తగ్గట్టు కత్తిరించుకోవడం ఎంత సులువో ఆ రోజు తెలియలేదు.

ఆదివారం పొద్దున కాపలాదారును రెండు బిందెల నీళ్లు అడిగాను.

"దేనికి సామీ?"

"వెనక చక్రాల మీద పోయాలప్పా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మా ఊళ్లల్లో వేడెక్కిన బస్సుకు నీళ్లు పోయడం మామూలే. కదలని కారుకు స్నానం చేయించడం ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. అయినా తెచ్చాడు. చక్రాల మీద పోశాం. పొగ రాలేదు, ఆవిరి రాలేదు. చక్రాలు చల్లగానే ఉన్నాయి. ఆమె తీసింది. వదల్లేదు. ఇంకో రెండు బిందెలు పోశాం. వదల్లేదు.

"రేపు వాన పడతాదంటారా సార్?" అంది ఆమె. నవ్వుతూ అడగలేదు.

మరుసటి రోజు సోమవారం. డైరీలో రాసినట్టే ఎండ, మబ్బు లేదు.

డాక్టరమ్మ ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. వెనక సీట్లో ముసలామె రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఏదో ఊరేగింపుకు బయలుదేరినట్టు నిటారుగా కూర్చుంది. హైవే నుంచి బండి పైకి వచ్చింది. గేటు కింద సరిగ్గా చెప్పిన చోట ఆగింది. ఆమె బటను ఎత్తింది, ఎర్ర దీపం వెలిగి ఉంటుంది. కాపలాదారు గేటు తీశాడు. అప్పుడు నా శిష్యురాలు నేను నేర్పినదంతా వరసగా, ఒక్కటి కూడా వదలకుండా చేసింది.

ఇంజను ఆగిపోయింది. టింగ్ టింగ్.

రెండోసారి. ఆగిపోయింది. టింగ్ టింగ్ టింగ్.

కిటికీలు తెరిచే ఉన్నాయి. గేటు పక్కనున్న నాకు లోపలి మాటలు వినిపిస్తున్నాయి. మూడోసారి ఇంజను వేసిన చప్పుడు, ఆ వెంటనే మళ్లీ టింగ్ టింగ్. అప్పుడు వెనక సీట్లోంచి ముసలామె గొంతు వచ్చింది.

"ఏం మే, ఆ గంట నా తల్లో కొడతాండాది. నీ పక్క తలుపు సరింగా పడలేదు. ఎయ్యి మే."

తలుపు ధడాలున పడింది. టింగ్ ఆగింది. టక్కుమంది. కారు నా ముందు నుంచి, గేటులోంచి, కుదుపు లేకుండా వరండా దాకా వెళ్లిపోయింది.

నేను పరిగెత్తలేదు కానీ, ఆ వయసులో ఎంత వేగంగా నడవొచ్చో అంత వేగంగా నడిచాను. నేను చేరేసరికి డాక్టరమ్మ దిగి చెయ్యి చాచి ఉంది. నా శిష్యురాలు తాళంచెవి ఆ చేతిలో పెట్టింది.

"రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఎందుకు వచ్చిందో నీకు తెలుసా?"

"తెలీదమ్మా."

"ఎందుకు ఆగిందో తెలియకపోయినా సర్దుకోగలను. ఎందుకు వచ్చిందో కూడా తెలియకుండా రోగుల్ని ఎక్కించడం నాకు కుదరదు."

నా శిష్యురాలు తల వంచుకుని ముసలామెను దించడానికి వెళ్లింది. ఒక చేత్తో రోగి భుజం పట్టుకుని, ఇంకో చెయ్యి తన నడుం మీద వేసుకుని దించింది. అది చూస్తూ నేను వరండా మెట్టు మీద కూర్చుని డైరీ తెరిచాను.

పది రోజుల వరసలు. వదల్లేదు, మోగింది. వదల్లేదు, మోగింది. మెకానిక్కు వరసలో: వదిలింది, మోగలేదు. వాన రోజు పదకొండు వరసల్లోనూ: వదిలింది, మోగలేదు. ఇంజను ఆగిపోయినందుకు మోగుతోందనుకున్నాను. ఆగకముందే మోగుతోంది. వాన నాడు ఎందుకు మోగలేదు? వాన నాడు మేము ఏం చేయలేదు?

వాన నాడు తడుస్తామని తలుపు తెరవలేదు.

చదును నేల మీద చక్రం చూసుకునే అవసరం లేదు, తెరవలేదు. మెకానిక్కు నా దగ్గర నేర్చుకున్నవాడు కాదు, తెరవలేదు. తక్కిన ప్రతిసారీ, ఆమే కానీ నేనే కానీ, క్లచ్చి వదిలే క్షణంలో కుడిచేత్తో తలుపు రెండు వేళ్ల సందు తెరిచాం. గేరు రాశాను, వేగం రాశాను, ఎండ రాశాను, మోత రాశాను. పది రోజుల పేజీల్లో తలుపు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఊపిరి పీల్చాను అని ఎవరూ డైరీలో రాసుకోరు కదా. నా చేతికి అది అలాంటి పని అయిపోయింది.

లేచి డాక్టరమ్మ గదికి వెళ్లాను. అయిదు నిమిషాలకు కారు కావాలని అడిగాను. ఆమె నన్ను చూసి, తానే వచ్చి పక్కన కూర్చుంది. ఎక్కుడులో ఆపాను. తలుపు వేసి తీశాను, వచ్చింది. తెరిచి తీశాను, రాలేదు. మూడుసార్లు అటూ మూడుసార్లు ఇటూ చూపించాను.

"తలుపు తెరిస్తే డ్రైవరు దిగిపోతున్నాడనుకుంటుందమ్మా ఇది. దిగిపోయేవాణ్ణి నమ్మి బ్రేకు వదలదు. అది సబబే. తప్పు మీ ఆయాది కాదు. నేను నేర్పింది నేర్పినట్టు చేసింది."

"తలుపు తెరవమని ఎన్నేళ్లుగా నేర్పుతున్నారు?"

"ఇరవై మూడేళ్లుగా."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వినట్టు అనిపించింది. ముఖం అటు తిప్పుకోవడంతో సరిగ్గా చూడలేదు.

"రేపు ఆరున్నరకు ఇంకోసారి చూస్తాను. తిరుపతి అతను తొమ్మిదికి వస్తాడు. ఒక మాట. రేపు మీరు గేటు దగ్గర ఉండొద్దు. ఆమె రోడ్డు కంటే మిమ్మల్నే ఎక్కువ చూస్తోంది."

తాళంచెవి తీసుకుని వెళ్లిపోయింది. అంటే అభ్యాసానికి బండి లేదు. నా శిష్యురాలికి సంగతంతా చెప్పాను. ఆమె విని, తన కుడిచేతిని ఎవరిదో వస్తువును చూసినట్టు చూసుకుంది.

"కారణం అర్థమైంది సార్. కానీ ఏడాదిగా పోతాండే చెయ్యి. ఒక పూటలో ఆగుతాదా? నేను చెప్తే ఇంటాదా?"

ధైర్యం చెప్పాను. చెప్పి, స్కూలు పాత కారులో ఇంటికి బయలుదేరాను. బంగారుపాళ్యం దగ్గర ఎక్కుడులో ట్రాక్టర్ల వెనక ఆగాల్సి వచ్చింది. కదిలేటప్పుడు చూసుకుంటే నా కుడిచెయ్యి అప్పటికే తలుపు తెరిచేసి ఉంది. ఆమెకు చెప్పిన ధైర్యం ఎంతపాటిదో నాకు అక్కడ తెలిసింది.

మంగళవారం ఉదయం ఆరుంబావుకు చేరాను. మాట ప్రకారం గేటు దగ్గరకు పోలేదు. బాట మొదట్లో, ఆసుపత్రివాళ్లు నీళ్లు పట్టుకునే కొళాయి పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి లోపల కూర్చున్నవాళ్లు కనబడరు. కారు వెనకభాగం, కుడిపక్క తలుపు, ఆ పక్క వెనక చక్రం కనబడతాయి.

కారు నన్ను దాటి పైకి పోయింది. వెనక అద్దంలోంచి ముసలామె తెల్లటి ముడి కనబడింది. ఈరోజు కూడా తానే కూర్చుంటానని పట్టుబట్టిందట. గేటు కింద ఆగింది. బ్రేకు పడిన సన్నని చప్పుడు నా దాకా వినబడింది. కాపలాదారు ఆ రోజు గేటు ఎప్పుడూ లేనంత నిదానంగా తీశాడు.

నేను తలుపు అంచునే చూస్తున్నాను. రెండు వేళ్ల సందు. అది కనబడితే అయిపోయినట్టే.

తలుపు ఒకసారి అదిరింది. లోపలి నుంచి చెయ్యి తగిలితే అదిరినట్టు. తెరుచుకోలేదు.

అప్పుడు చక్రం వైపు చూశాను. అది వెనక్కి కదల్లేదు. టక్కుమని, ముందుకు తిరిగింది. కారు గేటులోంచి వెళ్లిపోయింది.

నేను వరండా చేరేసరికి డాక్టరమ్మ దిగి మెట్లెక్కుతోంది. నేను ఆమె చేతులనే చూస్తున్నాను. ఒక చేతిలో స్టెతస్కోపు, ఇంకో చేతిలో ఏమీ లేదు. ఆ ఖాళీ చెయ్యి చాచలేదు. మెట్ల పైన ఆగి కాపలాదారుతో, "ఆ తిరుపతి అబ్బాయికి ఫోను చేసి రావద్దని చెప్పు" అని వార్డులోకి వెళ్లిపోయింది.

తాళంచెవి బండికే ఉంది. నా శిష్యురాలు ఇంకా స్టీరింగు పట్టుకునే కూర్చుని ఉంది. కిటికీలోంచి లోపలికి చూశాను. తలుపు తెరిచే పిడి మీద, అటూ ఇటూ అంటేలా, గాయాలకు వేసే తెల్లటి పట్టీ రెండు వరసలు అంటించి ఉంది. ఒక వరస అంచు కొంచెం లేచింది.

"మాట ఇనని చెయ్యి గదా సార్. కట్టు కట్టినాను" అంది. "పోనే పోయింది. పట్టీ తగిలినాక యెనక్కి వచ్చింది."

వెనక సీట్లోంచి ముసలామె అంది: "కట్లు కట్టడం అయిపోతే నన్ను దించు మే. కాఫీ చల్లగా అయిపోతాది."

నా శిష్యురాలు దిగి వంగబోతే నేను అడ్డుపడి ముసలామెను దించాను. డ్రైవరు పని అది కాదని చెప్పాను.

తర్వాత మెట్టు మీద కూర్చుని ఆ పొద్దుటి వరస రాశాను. గేరు ఒకటి. ఎండ. వదిలింది. ఆగలేదు, మోగలేదు. పేజీ పక్కన కొంచెం ఖాళీ మిగిలింది. అక్కడ గీత గీసి, డైరీలో ఎప్పుడూ లేని గడి ఒకటి కొత్తగా చేర్చి, అందులో రాశాను. తలుపు: వేసే ఉంది.